అమ్మ సాగింది, కథ సాగలేదు



ఈ వేళ మీతో ఒక సినిమా గురించి ముచ్చటించాలనుకుంటున్నాను. సినిమా అనగానే పాటలూ, పట్టుచీరలూ, అత్తాకోడళ్ళ కన్నీళ్ళూ అనుకునేరు. అవేవీ కావు. ఇది అమెరికావాళ్ళు తీసిన బొమ్మల సినిమా. అందులోనూ సూపర్ హీరోల సినిమా. పరుగెత్తే రైళ్ళను పట్టి ఆపడం, మేడల మీంచి మేడల మీదికి దూకడం, ఇలాంటి హంగామా అంతా ఉన్న రకం. "అది పిల్లల గొడవ, మనకెందుకమ్మా?" అని రేడియో చెవి మెలిపెట్టబోకండి. ఇందులో అసలు నాయిక ముగ్గురు పిల్లల తల్లి. ఆవిడ ఉద్యోగానికి బయలుదేరుతుంది, ఆయన ఇల్లు చూసుకోవడానికి ఇంటిపట్టున ఉండిపోతాడు. ఇంతకంటే మన సంగతి ఇంకేం కావాలి చెప్పండి?

సినిమా పేరు 'ఇంక్రెడిబుల్స్ 2'. 2018 జూన్‌లో విడుదలైంది. తీసినది పిక్సార్ సంస్థ. రాసిందీ, దర్శకత్వం చేసిందీ బ్రాడ్ బర్డ్. దీనికి మొదటి భాగం 'ది ఇంక్రెడిబుల్స్' 2004లో వచ్చింది. అంటే రెండింటికీ మధ్య పధ్నాలుగేళ్ళ ఎడం. ఈలోగా మొదటి సినిమాలో కొడుకు పాత్రకు గొంతునిచ్చిన పిల్లవాడు పెద్దవాడైపోయాడు. రెండోదానికి వేరే కుర్రవాణ్ణి తెచ్చుకోవలసి వచ్చింది. కథలో మాత్రం ఒక్క నిమిషం కూడా గడవలేదు. మొదటిది ఎక్కడ ఆగిందో రెండోది సరిగ్గా అక్కడే మొదలవుతుంది.

రెండో సినిమాకు డబ్బు బాగా వచ్చింది. ప్రపంచం మొత్తం మీద మొదటిది 60 కోట్ల డాలర్లకు పైన వసూలు చేస్తే, ఇది 120 కోట్లు దాటింది. కానీ వసూళ్ళ లెక్క వేరు, మనసుకు పట్టే లెక్క వేరు. ఆ దర్శకుడే అంతకుముందు తీసిన సినిమాల పక్కన పెట్టి చూస్తే ఇది తక్కువే అని నా అభిప్రాయం. ఎందుకు తక్కువో చెప్పుకుంటే అందులో మన ఇళ్ళకు పనికొచ్చే సంగతి కూడా ఒకటుంది. అందుకే ఈ ప్రస్తావన.

ముందు మొదటి సినిమా కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. చూడనివాళ్ళకు తెలియాలి కదా.

ఒకానొక కాలంలో సూపర్ హీరోలుండేవారు. ఆపదలో ఉన్న జనాన్ని కాపాడేవారు. అయితే కాపాడే హడావిడిలో గోడలు కూలేవి, రైళ్ళు దెబ్బతినేవి, ఎవరికో మెడ విరిగినంత పనయ్యేది. చివరికి ప్రాణాలు దక్కినవాళ్ళే కోర్టుకెక్కారు. ఆ నష్టపరిహారాలు కట్టలేక ప్రభుత్వం "ఇక మీ విద్యలు కట్టిపెట్టండి, మామూలు మనుషుల్లా బతకండి" అని వాళ్ళను తలో చోటికీ పంపేసింది.

అలా మామూలు మనుషులైనవాళ్ళలో బాబ్, హెలెన్ దంపతులున్నారు. బాబ్ కండబలంలో భీముడనుకోండి. హెలెన్ రబ్బరులాగా ఎంత దూరమైనా సాగగలదు. ఎలాస్టిగర్ల్ అని ఆవిడకు పేరు. ఇప్పుడు బాబ్ ఒక ఇన్సూరెన్సు కంపెనీలో ఇరుకు బల్ల దగ్గర గుమాస్తా. హెలెన్ ఇల్లాలు. పెద్దపిల్ల వయొలెట్ కంటికి కనబడకుండా మాయం కాగలదు. రెండోవాడు డాష్ గాలికంటే వేగంగా పరుగెత్తగలడు. చంటివాడు జాక్-జాక్‌కి మాత్రం ఏ విద్యా రాలేదనే అందరి నమ్మకం.

ఎవరికి ఏ శక్తి ఇవ్వాలన్నది దర్శకుడు చీట్లు తీసి తేల్చలేదు. ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో చూసి ఇచ్చాడు. తండ్రి అంటే బలంగా ఉండాలని లోకం అనుకుంటుంది కనక ఆయనకు బలం. తల్లిని అందరూ తలో వైపూ లాగుతారు కనక ఆవిడకు సాగే గుణం. ఈడొచ్చిన ఆడపిల్ల నలుగురి కళ్ళూ తనమీద పడితే ముడుచుకుపోతుంది కనక మాయమవడం, చుట్టూ కవచం కట్టుకోవడం. పదేళ్ళ మగపిల్లవాడికి కాలు ఒకచోట నిలవదు కనక వేగం. చంటివాడు రేపు ఏమవుతాడో ఎవరికి తెలుసు? ఈ సంగతి బ్రాడ్ బర్డే ఇంటర్వ్యూలలో చెప్పాడు.

ఇందులో భోజనాల బల్ల దగ్గర ఒక సన్నివేశం ఉంది. అక్కా తమ్ముడూ కలబడ్డారు. తల్లి ఒక చెయ్యి ఇటూ ఒక చెయ్యి అటూ బారలకొద్దీ సాచి ఇద్దర్నీ విడదీయలేక సతమతమవుతోంది. తండ్రి వార్తాపత్రిక పట్టుకుని వేరే లోకంలో ఉన్నాడు. సాయం రమ్మని కేకేస్తే వచ్చి ఏకంగా బల్లనే ఎత్తేశాడు! నవ్వొస్తుంది నిజమే. కానీ ఆ సాగిన చేతులు చూసి, ఇది మన ఇంటి బొమ్మే కదా అనుకోని తల్లి ఉండదు.

ఇంకో చిన్న ముచ్చట. హెలెన్ ఒకరోజు ఆఫీసులో ఉన్న భర్తకు ఫోను చేసి, ఈనాటికి మనం ఈ ఇంట్లోకి పూర్తిగా వచ్చేసినట్టు అని సంతోషంగా చెబుతుంది. వాళ్ళు ఆ ఇంటికొచ్చి అప్పటికి మూడేళ్ళు! ఇంతకాలానికి ఆఖరి పెట్టె విప్పి సర్దిందన్నమాట. బదిలీల మీద బదిలీలయ్యే ఉద్యోగస్థుల ఇల్లాళ్ళకు ఆ ఆఖరి పెట్టె సంగతి నేను వేరే చెప్పాలా? అక్కడ బాబ్ ఎదురుగా ఒక ముసలావిడ తన క్లెయిము కోసం దిగులుగా కూర్చుని ఉంది. ఆయన ఒక ముక్క మెచ్చుకుని ఫోను పెట్టేశాడు. ఇద్దరి తప్పూ లేదు. కానీ ఆ ఇంట్లో ఎక్కడ బీటలు వేస్తున్నదో ఆ ఒక్క ఫోనుతో తెలిసిపోతుంది.

తరవాత బాబ్ ఉద్యోగం పోగొట్టుకుంటాడు. ఆ మాట ఇంట్లో చెప్పడు. రహస్యంగా మళ్ళీ వీరకార్యాలకు బయలుదేరి శత్రువు చేతికి చిక్కుతాడు. కోటు మీద పరాయి ఆడదాని వెంట్రుక చూసి హెలెన్ అనుమానపడుతుంది. కన్నీళ్ళు పెట్టుకుంటుంది. అప్పుడు వీరుల దుస్తులు కుట్టే ఎడ్నా మోడ్ అనే పొట్టి ఆవిడ, ఏడుస్తూ కూర్చోవడానికి నువ్వు ఎవరనుకున్నావు అని గదమాయించి పంపిస్తుంది. ఆ ఎడ్నాకు గొంతునిచ్చింది ఆడమనిషి అనుకునేరు. దర్శకుడు బ్రాడ్ బర్డే!

హెలెన్ విమానం తీసుకుని భర్తను వెతుక్కుంటూ వెళుతుంది. పిల్లలిద్దరూ చెప్పకుండా అందులో దాక్కుని వస్తారు. శత్రువు విమానాన్ని పేల్చేస్తాడు. ఆ క్షణంలో తల్లి పిల్లలిద్దర్నీ తన ఒంటితో చుట్టేస్తుంది. కిందికి పడుతూ పారాషూట్ అవుతుంది. సముద్రంలో పడ్డాక పడవవుతుంది. కొడుకు కాళ్ళు ఆడిస్తే అదే ఆ పడవకు ఇంజను. అంతకుముందు విమానంలో కవచం కట్టమంటే వయొలెట్ భయపడి కట్టలేకపోయింది. ఒడ్డుకు చేరాక తల్లి ఆ పిల్లను తిట్టలేదు. అంత పెద్ద బరువు నీ మీద అంత హఠాత్తుగా పెట్టకుండా ఉండవలసింది అని ఓదార్చింది. తరవాత అదే పిల్ల అడవిలో తమ్ముడికి అడ్డంగా నిలిచి తూటాలను ఆపుతుంది. కథ మొదట్లో జుట్టు ముఖం మీద కప్పుకుని తిరిగిన పిల్ల, చివర్లో జుట్టు వెనక్కి తోసుకుని ముఖమెత్తి నిలబడుతుంది.

చూశారూ, పైకి ఎన్ని పేలుళ్ళున్నా అది కుటుంబ కథే. ఇంట్లో మొదలైన తగవు యుద్ధంలోకి వెళ్ళింది. యుద్ధంలో నేర్చుకున్నది ఇంటికొచ్చింది. భర్త దాచిన అబద్ధం, భార్య మింగిన అనుమానం, పిల్లల భయం, అన్నీ ఆ దీవి మీద తేలిపోయాయి. 2005లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా దానికి ఆస్కార్ బహుమతి వచ్చింది. హిందీలోకి 'హమ్ హై లాజవాబ్' అని తెచ్చినప్పుడు తండ్రి పాత్రకు షారుఖ్ ఖాన్, కొడుకు పాత్రకు ఆయన కొడుకే గొంతునిచ్చారు.

ఈ దర్శకుడే దానికి ముందు, 1999లో, 'ది ఐరన్ జయంట్' అని ఇంకో బొమ్మల సినిమా తీశాడు. అది ఆనాడు డబ్బు చేసుకోలేదు గానీ, తరవాత తరవాత మంచి పేరు తెచ్చుకుంది. 1957లో అమెరికాలో ఒక చిన్న ఊళ్ళో జరిగే కథ. ఆకాశం నుంచి పడిన ఒక పెద్ద ఇనుపమనిషికీ, ఒక పిల్లవాడికీ స్నేహం. ఆ ఇనుపమనిషికి సూపర్‌మాన్ బొమ్మల పుస్తకం చూశాక తానూ అలా అవాలని కోరిక పుడుతుంది. సరే, మనకు కావలసింది ఆ పిల్లవాడి తల్లి యానీ. భర్త లేడు. హోటల్లో వడ్డించే పని చేసుకుంటూ పిల్లవాణ్ణి పెంచుకుంటోంది. ఒకరోజు రాత్రి పొద్దుపోయేదాకా పని ఉందని చెప్పి, వేళకు పడుకో, భయపెట్టే సినిమాలు చూడకు అని జాగ్రత్తలు చెబుతుంది. వాడు వింటాడా? ఒంటరిగా మేలుకుని టెలివిజన్ చూస్తూంటే పైకప్పు మీది ఏరియల్ మాయమవుతుంది. అదేమిటా అని వెతుక్కుంటూ అడవిలోకి వెళితే కథ మొదలవుతుంది. తల్లి ఉద్యోగం గురించి అక్కడ ఒక్క ఉపన్యాసం లేదు. కానీ ఆవిడ రాత్రి పనికి వెళ్ళకపోతే ఆ కథే లేదు. తల్లి పని కథకు మూలమైందన్నమాట.

ఇప్పుడు 2018 సినిమాకు వద్దాం.

దీని ఆరంభం ఎంత బాగుందంటే, చూసినవాళ్ళకు ఆశ పుట్టి తీరుతుంది. ఇల్లు పోయింది. కుటుంబమంతా ఒక హోటల్ గదిలో దిగారు. చేతిలో రెండు వారాల గడువుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఆలుమగలు బయట కూర్చుని, ఇద్దరిలో ఎవరో ఒకరు ఉద్యోగం చూసుకోక తప్పదని మాట్లాడుకుంటారు. అప్పుడే విన్‌స్టన్ డెవర్ అనే పెద్ద వ్యాపారస్థుడు వాళ్ళను పిలిపించి, సూపర్ హీరోల మీద ఉన్న నిషేధం తీయిద్దాం, ముందుగా ఒకరు రంగంలోకి దిగి జనం మనసు మార్చాలి అంటాడు. బాబ్ ఛాతీ విరుచుకుంటాడు. విన్‌స్టన్ ఎంచుకున్నది మాత్రం ఎలాస్టిగర్ల్‌ని. ఎందుకంటే ఆవిడ పని చేస్తే ఆస్తినష్టం తక్కువ. లెక్కలు చూసే ఎంచారు! ఆ మాట వినగానే బాబ్ ముఖం చూడాలి. పైకి నవ్వు, లోపల ఉడుకు.

హెలెన్ వెళ్ళడానికి తటపటాయిస్తుంది. పిల్లల్ని వదిలి ఎలా అని. బాబ్ "నేను చూసుకుంటాగా" అని పంపిస్తాడు. ఆ తరవాత ఆయన అవస్థ ఉంది చూశారూ, అది ఈ సినిమాలో బంగారం లాంటి భాగం. కొడుకు లెక్కలు కొత్త పద్ధతిలో ఉంటాయి. తండ్రికి తల తిరుగుతుంది. రాత్రంతా పుస్తకం పట్టుకుని తాను నేర్చుకుని, తెల్లవారుజామున కొడుకును లేపి చెబుతాడు. కూతురి మనసు విరిగితే అతికించబోయి ఇంకా పాడు చేస్తాడు. చంటివాడికి ఉన్నట్టుండి ఒకటి కాదు, పదిహేడు విద్యలు బయటపడతాయి. మంటవుతాడు, గోడల్లోంచి దూరిపోతాడు, ఒకడు అనేకులవుతాడు. పెరట్లోకి వచ్చిన రకూన్ అనే జంతువుతో వాడు చేసే కుస్తీ చూసి పిల్లలూ పెద్దలూ పడిపడి నవ్వుతారు. నిద్ర లేక కళ్ళు పీక్కుపోయిన తండ్రి చివరికి కూతురి పక్కన కూర్చుని, నాకు మంచి తండ్రిగా ఉండాలని ఉందమ్మా అని ఒప్పుకునే ఘట్టం నిజంగా మనసును తాకుతుంది.

అవతల హెలెన్ మోటారు సైకిలెక్కి, అదుపు తప్పి వెనక్కి పరుగెత్తే రైలును వెంటాడి ఆపుతుంది. ఆ పరుగు చూస్తే కుర్చీ అంచున కూర్చోవలసిందే. నడిమధ్యలో డాష్ ఫోను చేసి, అమ్మా నా బూట్లెక్కడ అని అడుగుతాడు. మంచం కింద చూడరా అంటుంది. మనకూ అంతే కదండీ? పేరంటానికి వెళ్ళి బొట్టు పెట్టించుకుంటూంటే ఇంటినుంచి ఫోను, "జీలకర్ర డబ్బా ఎక్కడ?" అని.

ఇన్ని మంచివి చెప్పాను. మరి లోటెక్కడ?

మొదటి లోటు. ఇల్లూ, వీధీ కలవలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. ఈ సినిమాలో ఇంట గెలవడం ఆయన వంతు, రచ్చ గెలవడం ఆవిడ వంతు. ఆ రెండు కథలూ రెండు రైలు పట్టాల్లాగా పక్కపక్కన నడుస్తాయి గానీ ఒకదాన్నొకటి తాకవు. ఆవిడ మనసు కలత పడకూడదని చంటివాడి విద్యల సంగతి బాబ్ దాచిపెడతాడు. మంచి ఉద్దేశమే. మొదటి సినిమాలో బాబ్ ఉద్యోగం పోయిన మాట దాస్తే దానికి ఫలితం ఎంత దూరం వెళ్ళిందో గుర్తుందా? ఇక్కడ దాచినదానికి ఫలితమే లేదు. చివర్లో ఓడ మీద, అందరూ పరుగులు తీస్తూండగా, ఆవిడకు తెలుస్తుంది. ఒక్క ఆశ్చర్యంతో సరి. చంటివాడి మొదటి ముచ్చట తాను చూడలేకపోయానే అని ఒక తల్లి గుండెలో కలుక్కుమనే బాధ, పని మీద ఊరెళ్ళి వచ్చిన ప్రతి తల్లికీ తెలిసిన బాధ, అది చెప్పుకోవడానికి ఆవిడకు అర నిమిషం కూడా ఇవ్వలేదు.

రెండో లోటు. ఇది నాకు ఎక్కువగా పట్టింది. ఇంటిపనితో సోలిపోయిన బాబ్‌తో ఎడ్నా ఒక మాట అంటుంది. పిల్లల పెంపకం సరిగా చేస్తే అది కూడా వీరకార్యమే అని దాని భావం. ఎంత చక్కని మాట! జనం దాన్ని బాగా చెప్పుకున్నారు కూడా. కాస్త ఆలోచించండి. ఆ మాట ఎవరికి దక్కింది? కొద్ది రోజులు పిల్లల్ని చూసుకున్న తండ్రికి. పెద్దపిల్ల పుట్టిన నాటినుంచి పధ్నాలుగేళ్ళుగా అదే పని చేసిన హెలెన్‌కు రెండు సినిమాల్లోనూ ఎవరైనా అన్నారా? మొదటి సినిమాలో అనకపోయినా ఫరవాలేదు. ఆ సాగిన చేతులూ, ఆ ఆఖరి పెట్టే చూపించారు. అక్కడ దర్శకుడికి తెలుసు, మనకు తెలుసు, అది చాలు. రెండోదాంట్లో పనే ఆ పనిని గురించి అయినప్పుడు, బాబ్ నోట ఒక్కమాట రావద్దా? "ఇన్నేళ్ళూ ఇదంతా ఒక్కదానివీ ఎలా చేశావు హెలెన్?" అని. ఆ ఒక్క ప్రశ్న అడిగించి ఉంటే ఈ సినిమా మొదటిదాని పక్కన తలెత్తుకు నిలబడేది.

ఇది అమెరికా సంగతే కాదు సుమండీ. ఇల్లాలు నాలుగు రోజులు పుట్టింటికి వెళితే ఆయన పెట్టిన చారు గురించి నాలుగు నెలలు చెప్పుకుంటాం. చుట్టాలొస్తే మనమే మొదలెడతాం, "మా వారు ఎంత బాగా చేశారనుకున్నారు!" అని. మెచ్చుకోవద్దని నేననను. చేసిన మనిషిని మెచ్చుకోవలసిందే. రోజూ పెట్టే చారు ఎవరి లెక్కలోకీ రాకపోవడమే వింత. మనం చేస్తే అలవాటు, వారు చేస్తే ఘనత అయిపోతోంది. బొమ్మల సినిమా చూసే పిల్లలు ఈ తేడాను ఎవరూ చెప్పకుండానే నేర్చేసుకుంటారు. అది నా దిగులు.

మూడో లోటు విలన్‌ది. మొదటి సినిమాలో విలన్ సిండ్రోమ్. చిన్నప్పుడు బాబ్ అంటే ప్రాణం పెట్టిన పిల్లవాడు. బాబ్ కసిరి పొమ్మంటే ఆ అవమానం పెరిగి పెద్దదై పగయింది. నాయకుడి తప్పులోంచి విలన్ పుట్టాడన్నమాట. రెండోదాంట్లో విన్‌స్టన్ చెల్లెలు ఎవ్లిన్. దొంగలు ఇంట్లో పడ్డప్పుడు వాళ్ళ తండ్రి దాక్కోకుండా సూపర్ హీరోలకు ఫోను చేస్తూ నిలబడి ప్రాణం పోగొట్టుకున్నాడు. ఎవరో వచ్చి కాపాడతారని నమ్మి చేతులు కట్టుకు కూర్చోవడం వల్లనే తండ్రి పోయాడని ఈవిడ కక్ష. తెరల ద్వారా మనుషుల్ని వశం చేసుకునే యంత్రం తయారుచేస్తుంది. జనం బతకడం మానేసి, మాట్లాడుకోవడం మానేసి, అన్నీ తెరమీద చూసి తృప్తిపడుతున్నారని ఆవిడ ఆరోపణ. చేతిలో ఫోను, ఎదురుగా టీవీ పెట్టుకుని కంచం ముందు కూర్చునే మన ఇళ్ళలో ఈ మాటకు ఎవరు కాదంటారు? అంత బరువైన మాట అనిపించి, దానికి సమాధానం చెప్పకుండానే ఆవిణ్ణి పట్టుకుని పోలీసులకు అప్పగించేశారు. హెలెన్, ఎవ్లిన్ ఇద్దరూ రాత్రివేళ కూర్చుని ఆడవాళ్ళ పని గురించి, తాను వస్తువు తయారుచేస్తే అన్నగారు దాన్ని అమ్ముకునే సంగతి గురించి మాట్లాడుకునే ఘట్టం ఒకటుంది. ఇక్కడినుంచి ఏదో గొప్ప మలుపు వస్తుందని ఎదురుచూస్తాం. రాదు.

చివరికి ఏమయింది? నిషేధం తీసేశారు. కుటుంబమంతా కారెక్కి దొంగల వెంట పడ్డారు. మొదట్లోనూ దొంగ వెంటే పడ్డారు కదా! మధ్యలో ఈ ఇంట్లో ఎవరు మారారు? హెలెన్ మళ్ళీ ఉద్యోగానికి వెళుతుందా, ఇల్లెవరు చూస్తారు, ఆలుమగలు ఏమని ఒప్పందం చేసుకున్నారు? ఆరంభంలో ఎత్తిన ప్రశ్న అలాగే గాలిలో ఉండిపోయింది. హెలెన్ రెండు సినిమాల్లోనూ సాగింది. కథ మాత్రం ఈసారి సాగలేదు.

ఇంత తెలిసిన దర్శకుడికి ఇలా ఎందుకయింది? బహిరంగంగా తెలిసిన కారణం ఒకటుంది. అసలు ఈ సినిమా 2019లో రావాలి. 'టాయ్ స్టోరీ 4' 2018లో రావాలి. ఆ సినిమా పని వెనకబడడంతో 2016లో ఆ రెండింటి తేదీలూ తారుమారు చేశారు. దాంతో ఈ సినిమాకు చేతిలో ఉన్న కాలంలో ఒక ఏడాది కోసుకుపోయింది. భార్య బయటికి, భర్త ఇంట్లో అన్న ఊహ తనకు మొదటినుంచీ ఉందనీ, విలన్ కథే మారుతూ మారుతూ వచ్చిందనీ బ్రాడ్ బర్డ్ చెప్పాడు. సినిమా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. ఇంటి భాగం నానబెట్టి రుబ్బిన పిండిలా నున్నగా ఉంది. విలన్ భాగం పులియకముందే పోసిన అట్టులా ఉంది. చుట్టాలు గుమ్మంలో ఉన్నారని తొందరపడితే ఏ వంటకైనా అంతే మరి. 2019లో ఇచ్చిన ఆస్కార్లలో దీని పేరు పోటీలో ఉంది గానీ, బహుమతి 'స్పైడర్‌మాన్: ఇన్‌టు ది స్పైడర్‌వర్స్' అనే మరో సూపర్ హీరో బొమ్మల సినిమా తీసుకుపోయింది.

అయితే పిల్లలకు ఈ సినిమా చూపించవద్దా? చూపించండి. నేను చెప్పేది ఎలా చూపించాలో. ముందు 2004 సినిమా చూపించండి. రెండు మూడు రోజులు ఆగి రెండోది పెట్టండి. రెండూ ఒకే రోజు చూస్తే పిల్లలకు కుస్తీలే గుర్తుంటాయి. ఇంకో జాగ్రత్త. రెండోదాంట్లో విలన్ తెరల ఘట్టాలలో వెలుతురు చాలా వేగంగా మిలమిలా ఆరి వెలుగుతూంటుంది. ఇది మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్ళకు ప్రమాదమని 2018లో అమెరికాలో హాళ్ళ దగ్గర హెచ్చరికలు కట్టారు. ఇంట్లో పిల్లలకు గానీ పెద్దలకు గానీ ఆ జబ్బుంటే ఈ సినిమా విషయంలో డాక్టరుగారిని అడగండి. హిందీలో వినాలనుకునేవాళ్ళకు, ఈసారి ఎలాస్టిగర్ల్‌కు కాజోల్ గొంతు ఉంది.

సినిమా అయిపోయాక పిల్లల్ని కూర్చోబెట్టి రెండు మూడు ప్రశ్నలు వెయ్యండి. లెక్కలు చెప్పేటప్పుడు నాన్నను చూసి ఎందుకు నవ్వారు? అదే పని అమ్మ చేస్తే నవ్వొస్తుందా? హెలెన్ ఇంటికొచ్చాక బాబ్ ఆమెను ఏమని అడిగి ఉంటే బాగుండేది? వాళ్ళు చెప్పే జవాబులు వినండి. మగపిల్లలున్నవాళ్ళు ఈ పని తప్పకుండా చెయ్యండి. రేపు వాళ్ళూ ఒక ఇంటివాళ్ళవుతారు. కుదిరితే మీ వారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. ఆయనకు ప్రశ్నలు వెయ్యక్కరలేదు. పిల్లల జవాబులు ఆయన చెవిన పడితే చాలు.

మూడో భాగం తీస్తామని 2024లో ప్రకటించారు. తీయనివ్వండి, మంచిదే. రాసేవాళ్ళకు నాదొక చిన్న విన్నపం. పేలుళ్ళు కాస్త తగ్గినా ఫరవాలేదు. పిల్లలు పడుకున్నాక ఆ ఆలుమగలిద్దర్నీ మళ్ళీ ఒకసారి ఎదురెదురుగా కూర్చోబెట్టండి. ఆయన చేత ఆ ప్రశ్న అడిగించండి. ఆవిడ చేత తీరిగ్గా సమాధానం చెప్పించండి. అది వినడానికి ఇక్కడ మేం చాలామందిమి ఎదురుచూస్తున్నాం.